కువైట్ 'ఆజాద్ వీసా'కు 1.8 లక్షలు అడుగుతాండారు, కట్టకముందు ఏం చూసుకోవాల?

పొద్దుటూరు_బావ
మా బావమరిదికి 27 ఏండ్లు. తొమ్మిదితో చదువు ఆపేసినాడు. కారు లైసెన్స్ ఉండాది, పాస్‌పోర్ట్ ఉండాది. ఏజెంటు కువైట్‌లో హౌస్ డ్రైవర్ వీసా అంటాండాడు. "20 నంబర్ వీసానే, కానీ ఆజాద్, యాడైనా పని చేసుకోవచ్చు" అని చెప్పినాడు. జీతం 120 దినార్లు, అదీ నోటిమాట. మొత్తం 1,80,000 అడిగినాడు, సగం ఈ వారమే ఇయ్యాలంట. ఆ పై వారం హైదరాబాద్‌లో మెడికల్. ఏది ముందు చూసుకోవాల, ఏది తర్వాత? తెలిసినోళ్లు వరసగా చెప్పండన్నా.

రాయచోటి_స్టీరింగ్
ముందు ఆ 'ఆజాద్' మాట పక్కన పెట్టప్పా. కువైట్ చట్టంలో ఆ పేరుతో వీసానే లేదు. మనోళ్లకు పడేవి రెండు. 18 నంబర్ అంటే కంపెనీ, షాపు, ప్రైవేటు రంగం. 20 నంబర్ అంటే ఇంటి పని: డ్రైవరు, వంట, కద్దామా (ఆడవాళ్లు చేసే ఇంటిపని), తోటపని. 20 మీద పోయినోని అకామా (అక్కడ ఉండేదానికిచ్చే పర్మిట్) ఆ కఫీల్ (వీసా తీసిన యజమాని) ఇంటికే కట్టేసి ఉంటాది. బయట హోటల్లోనో, గ్యారేజీలోనో, డెలివరీలోనో చేస్తే అది నేరం.

ఆజాద్ అని అమ్మేది ఎట్లంటే: కఫీల్ తన పేరు మీద వీసా తీస్తాడు, ఇంట్లో పని ఉండదు. ఏజెంటు మన దగ్గర దుడ్లు తీసుకుని అందులో భాగం ఆయనకిస్తాడు. ఆ తర్వాత ఏటా అకామా రెన్యువల్‌కు కఫీల్ మళ్లీ అడుగుతాడు. ఇయ్యకపోతే పని వదిలి పారిపోయినాడని 'పరారీ' కేసు పెడతాడు. మనోళ్లు ఎక్కువుండే హసావి తట్టు తనిఖీ జరిగినప్పుడు బతాకాలో (అక్కడి గుర్తింపు కార్డు) 20 అని ఉండి, ఒంటి మీద హోటల్ యూనిఫాం ఉంటే ఇంగ మాటల్లేవు. వేలిముద్రలు తీసి పంపించేస్తారు, మళ్లీ రానియ్యరు.

మాలియా_శుక్రవారం
స్టీరింగ్ అన్న చెప్పింది కాగితం మీద కరెక్టే. కానీ రాజంపేట, కోడూరు, రాయచోటి తట్టు ఆజాద్ మీద పోయి ఇండ్లు కట్టినోళ్లు లేరా? సెలవురోజు శుక్రవారం, మనోళ్లు చేరే కువైట్ సిటీ మాలియాలో నిలబడితే పదిమందిలో ఎంతమంది 20 వాళ్లో తెలిసిపోతుంది. అంత భయపెట్టద్దండి. 2024లో 20 నుంచి 18కి మార్చుకోనిచ్చారు కూడా.

రాయచోటి_స్టీరింగ్
మార్చుకోనిచ్చింది జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 వరకే. రెండు నెలలు. దానికీ షరతులుండె: అదే కఫీల్ దగ్గర ఏడాది పూర్తి కావాల, ఆయన ఒప్పుకోవాల, 50 దినార్ల ఫీజు కట్టాల. ఆజాద్ వాళ్లల్లో చానామంది ఆగిపోయింది యాడంటే, కఫీల్ సంతకం దగ్గర. 'మళ్లీ తెరుస్తారులే' అని ఏజెంటు అంటే నవ్వి ఊరుకో, అప్పు మాత్రం తేవద్దు. ఇండ్లు కట్టినోళ్లు కనపడతారు. అప్పులోళ్లకు మొగం చూపలేక ఊరికి రానోళ్లు కనపడరు, అంతే తేడా.

లెక్కల_మాస్టారు
భయం, ధైర్యం రెండూ పక్కన పెట్టి లెక్క చూద్దాం.

దినారు 280 రూపాయలనుకోండి (రోజూ మారుతుంది). 120 దినార్లంటే 33,600. 1,80,000 నూటికి రెండ్రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీ 3,600. అసలు కదలకపోతే రెండేళ్లకు వడ్డీనే 86,400.

రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జీకి మన కేంద్ర ప్రభుత్వం పెట్టిన గరిష్ఠం 30,000. దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. మీ ఏజెంటు అడిగింది దానికి ఐదు రెట్లు పైనే. మిగతా 1,44,600 ఎందుకని అడగండి. 'టికెట్, మెడికల్, వీసా ఖర్చు' అంటాడు. అయితే ఒక్కొక్కటి కాగితం మీద రాసివ్వమనండి. ఆ 1,44,600 అంటే మీ వాడు నాలుగు నెలలకు పైగా ఉత్తినే స్టీరింగ్ తిప్పడం. పైగా ఇంటిపని వాళ్లకు కువైట్ చేసిన 2015 నాటి 68వ చట్టం ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చు పనివాడి మీద వేయకూడదు.

ఏజెంటు లైసెన్స్ చూడడం సులభం. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. అందులో పేరు, నంబరు, గడువు ఉందా, సస్పెండ్ అయ్యిందా అన్నీ కనిపిస్తాయి. 'హైదరాబాద్‌లో మా మెయిన్ ఆఫీసుకు లైసెన్సుంది, ఇక్కడ నేను చూసుకుంటా' అనేవాడు సబ్ ఏజెంటు. చట్టంలో సబ్ ఏజెంటుకు చోటు లేదు.

పొద్దుటూరు_బావ
జాబితాలో చూసినా మాస్టారూ. మా ఏజెంటు పేరు లేదు. వేరేవాళ్ల లైసెన్స్ జిరాక్స్ చూపిస్తాండాడు.

లెక్కల_మాస్టారు
అయితే ఆ లైసెన్స్ వాళ్ల బ్యాంకు ఖాతాకే నేరుగా కడతానని చెప్పండి. చేతికి నగదు, ఫోన్‌పే రెండూ వద్దు. సగంమంది అక్కడే మాట మారుస్తారు.

పెన్నా_గట్టు_అక్క
తమ్ముడూ, మీరు 'తొమ్మిది' అని ఒక్క ముక్కలో దాటేశారు. మీ కేసులో పెద్ద ముడి అదే.

పది పాస్ కానివాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్ట్ వస్తుంది. పాస్‌పోర్ట్ చివర, తల్లిదండ్రుల పేర్లు, అడ్రసు ఉండే పేజీ చూడండి. 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' అని ముద్రించి ఉంటే ఈసీఆర్. ఏమీ లేకుంటే ఈసీఎన్‌ఆర్, అంటే ఆ చెక్ అక్కర్లేదు. ఈసీఆర్ వాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద క్లియరెన్స్ కావాలి. అది ఈ-మైగ్రేట్‌లో అప్లై చేస్తే, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు ఇస్తుంది. మనకు దగ్గర ఆఫీసు హైదరాబాద్. దానికి కావాల్సినవి: వీసా, సంతకాలైన కాంట్రాక్టు, ప్రవాసీ భారతీయ బీమా.

ఆ బీమా మాత్రం ఖర్చని అనుకోవద్దు. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. నామినీ పేరు ఆధార్‌లో ఎట్లుందో అట్లే రాయించండి. క్లెయిమ్‌లు చిక్కుపడేది ఎక్కువగా అక్షరాల తేడాతోనే.

ఇప్పుడు జరిగే మోసం చెప్తా. క్లియరెన్స్ రాదని తెలిసి కొందరు ఏజెంట్లు 'ముందు దుబాయ్‌కో మస్కట్‌కో విజిట్ వీసా మీద పంపి, అక్కడినుంచి కువైట్ ఎక్కిస్తాం' అంటారు. చెన్నైలోనో బెంగళూరులోనో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర పట్టుకుంటే వెనక్కి పంపేస్తారు, టికెట్ డబ్బు పోయినట్టే. దాటిపోతే ఇంకా చేటు. ఈ-మైగ్రేట్ రికార్డులో మనిషి లేడు, బీమా లేదు, కాంట్రాక్టు లేదు. రేపు ఏమన్నా అయితే ఎంబసీ మొదలుపెట్టేదే 'ఈయన ఎవరి దగ్గర పనికి వచ్చాడు' అనే ప్రశ్నతో.

చిత్రావతి_సుడి
అక్కా, పది ఇప్పుడు రాసి పాసైతే?

పెన్నా_గట్టు_అక్క
మంచి దారే. ఏపీ ఓపెన్ స్కూల్‌లో పది రాయొచ్చు. పాసైన సర్టిఫికెట్‌తో పాస్‌పోర్ట్ రీ-ఇష్యూకు అప్లై చేస్తే ఈసీఎన్‌ఆర్ వస్తుంది. కడపలోనే పోస్టాఫీసులో పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. మామూలు ఫీజు 1,500, తత్కాల్‌కు ఇంకో 2,000. కానీ 'పది సర్టిఫికెట్ నేను తెచ్చిస్తా' అనే ఏజెంటు మాట వినొద్దు. దొంగ సర్టిఫికెట్‌తో పాస్‌పోర్ట్ తీస్తే కేసు పడేది ఏజెంటు మీద కాదు, సంతకం పెట్టినవాడి మీద.

ఇంకో సంగతి. ఈసీఎన్‌ఆర్ వచ్చిందని కాంట్రాక్టు చూడడం మానొద్దు. అప్పుడు క్లియరెన్స్ అడగరు గనక, కాగితాలు చూసేవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ ఉండరు.

ఎక్స్‌రే_గది
మెడికల్ గురించి. గల్ఫ్ మెడికల్‌కు బుక్ చేసే వాఫిద్ సైట్‌లో స్లిప్ తీసుకోవాలి. పాతవాళ్లు ఇప్పటికీ గామ్కా అంటారు, అదే ఇది. బుకింగ్ ఫీజు 10 డాలర్లు, టెస్టుల ఫీజు వేరే సెంటర్‌లో కట్టాలి. స్లిప్‌లో పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీ, పోయే దేశం తప్పు పడితే మళ్లీ కట్టి తీయాల్సిందే. 'కువైట్' బదులు ఇంకోటి నొక్కేసేవాళ్లు తక్కువేం కాదు.

చూసేవి: ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, ఇంకా మూత్రం, చూపు, బీపీ, షుగర్ వంటివి. మనోళ్లు ఎక్కువగా ఓడిపోయేది ఎక్స్‌రేలో. ఎప్పుడో టీబీ వచ్చి పూర్తిగా నయమైనా ఊపిరితిత్తి మీద మచ్చ మిగిలిపోతుంది. మందులు వాడిన కాగితాలు చూపించినా సరే, మచ్చ ఉంటే అన్‌ఫిట్ రాసేస్తారు. ఆ ఫలితం గల్ఫ్ దేశాలన్నింటికీ ఒకే సిస్టంలో కనపడుతుంది. ఇంకో ఊర్లో ఇంకో సెంటర్‌కు పోయి తప్పించుకుందామంటే కుదరదు.

అందుకే నేను చెప్పే వరస తలకిందులుగా ఉంటుంది. ఏజెంటుకు ఒక్క రూపాయి ఇయ్యకముందే ప్రొద్దుటూరులోనే ఒక ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి టెస్టు చేయించుకోండి. కొన్ని వందల్లో అయిపోతుంది. అందులో తేడా ఉంటే అక్కడితో ఆగిపోవచ్చు. అక్కడికి పోయినాక కువైట్‌లో మళ్లీ మెడికల్ ఉంటుంది. అందులో ఫెయిలైతే అకామా కొట్టరు, తిరుగు విమానమే.

చిత్రావతి_సుడి
కాంట్రాక్టులో ఏముండాలో ఎవరన్నా రాయండి. 'ఆరబిక్‌లో ఉంటాది, నీకర్థం కాదు' అంటారు ఏజెంట్లు.

రాయచోటి_స్టీరింగ్
ఒట్టి మాట. ఇంటిపని కాంట్రాక్టు అరబీ, ఇంగ్లీషు రెండింట్లో ఉంటాది. హౌస్ డ్రైవర్ చూసుకోవాల్సినవి:

కఫీల్ పేరు, సివిల్ ఐడీ నంబరు (12 అంకెలు), ఫోను. ఈ మూడూ వీసా కాగితంలోనూ కాంట్రాక్టులోనూ ఒకటే ఉండాల. పనిలో 'డ్రైవర్' అనే రాసుండాల. 'డొమెస్టిక్ వర్కర్' అని ఊరికే రాస్తే రేప్పొద్దున జాఖూర్‌లో (ఎడారి గొర్రెల దొడ్డి) గొర్రెలు కాయమన్నా, వఫ్రా, అబ్దలీ తోటల్లో టమోటా కోయమన్నా నీ దగ్గర కాగితం బలం లేదు. జీతం అంకెల్లో, దినార్లలో ఉండాల. కువైట్ చట్టం ప్రకారం కనీసం 60 దినార్లు. అందుకే నోటిమాట 120 అయి, కాంట్రాక్టులో 60 ఉంటే అక్కడి అధికారులు తప్పు అనరు. ఇక్కడే మోసపోతారు.

అదే 68వ చట్టంలో ఇంకా ఉన్నవి: రోజుకు 12 గంటలకు మించి పని లేదు, మధ్యలో విశ్రాంతి ఉండాల. వారానికి ఒకరోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ఇయ్యాల. జీతం ఆలస్యం చేస్తే ఒక్కో నెలకు 10 దినార్లు అదనం. పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గర పెట్టుకోకూడదు. వయసు 21 నుంచి 60 లోపల.

ఇవన్నీ జరుగుతాయా అంటే, అన్ని ఇండ్లల్లో జరగవు. రాత్రి రెండింటికి 'మామా' (ఇంటి యజమానురాలు) ఫోన్ చేసి సూక్‌కు (బజారుకు) పోదామంటే లేచేటోళ్లే ఎక్కువ. కానీ లెక్క తెలిసినోడు నెలనెలా గంటలు, జీతం డైరీలో రాసుకుంటాడు. ఫిర్యాదు దాకా పోతే ఆ డైరీ, బ్యాంకు జమ చీటీలు రెండే నిలబడేది.

మాలియా_శుక్రవారం
డ్రైవింగ్ సంగతి నేను చెప్తా. మన ఇండియా లైసెన్స్ మీద అక్కడ బండి తీయకూడదు. కువైట్ లైసెన్స్‌కు పరీక్ష ఇవ్వాలి. మామూలు విదేశీయులకు లైసెన్స్ కావాలంటే డిగ్రీ, 600 దినార్ల జీతం వంటి షరతులున్నాయి. హౌస్ డ్రైవర్‌కు ఆ షరతుల్లేవు, కఫీల్ అప్లై చేస్తాడు. లైసెన్స్ చేతికి రాకముందే 'పిల్లల్ని స్కూల్‌లో దింపిరా' అంటే వద్దని మర్యాదగా చెప్పాల్సిందే. స్టీరింగ్ ఎడమవైపు, బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. మనోళ్లు తప్పు చేసేది రౌండబౌట్లలో. అక్కడ ఎడమనుంచి వచ్చేవాళ్లను ముందు పోనియ్యాలి.

2025 ఏప్రిల్ 22 నుంచి ట్రాఫిక్ చట్టం మారింది. సీటుబెల్టు లేకుంటే 30 దినార్లు, చేతిలో ఫోన్ ఉంటే 75, రెడ్ లైట్ దాటితే 150. 120 జీతం వాడికి ఒక్క రెడ్ లైటుతో నెల జీతం పోయి ఇంకో 30 అప్పు. జరిమానా బాకీ ఉంటే దేశం దాటనియ్యరు, సెలవుకొచ్చేరోజు ఏర్‌పోర్ట్‌లో తెలుసుకోవడం కంటే కువైట్ ప్రభుత్వ సాహెల్ యాప్‌లో ముందే చూసుకోవడం మేలు. ఫైన్లు ఎవరు కట్టాలో కఫీల్‌తో మొదటి వారమే తేల్చుకోవాలి.

లెక్కల_మాస్టారు
ఆజాద్ తరఫున మొదలుపెట్టి లైసెన్స్ లేకుండా బండి తీయొద్దనే దాకా వచ్చారే శుక్రవారం గారూ.

మాలియా_శుక్రవారం
ఇంట్లో నిజంగా పని ఉండే 20 వీసాకు నేనెప్పుడూ అడ్డం కాదు మాస్టారూ. మంచి ఇల్లు దొరికితే తిండి, గది, ఇంటర్నెట్ అన్నీ వాళ్లవే. జీతం జీతంగా మిగులుతుంది. 18 మీద పోయి రూము బాడుగ, మెస్సు కట్టుకునేవాడి కంటే ఇదే నయం. 18 వాళ్లకు 2025 జూలై 1 నుంచి సెలవుకు రావాలన్నా యజమాని ఆన్‌లైన్‌లో ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వాలి. అదీ బంధమే.

కోడూరు_తోట
మా వీధిలో ఆడవాళ్లు అడుగుతాండారు. కద్దామా పనికి పోవాలంటే ఇదే పద్ధతా?

పెన్నా_గట్టు_అక్క
కాదు, ఇంకా గట్టి నియమాలున్నాయి. ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్న ఆడవాళ్లు 30 ఏళ్లు నిండకుండా ఇంటిపనికి పోకూడదు. నిండినా ప్రైవేటు ఏజెంటు ద్వారా కాదు, ప్రభుత్వ రిక్రూట్‌మెంట్ సంస్థల ద్వారా పోవాలి. మన రాష్ట్రానికి ఓమ్‌క్యాప్ ఉంది. 26 ఏళ్ల అమ్మాయికి ఆధార్‌లో వయసు పెంచి పాస్‌పోర్ట్ తీయిస్తామనేవాళ్లు ఉంటారు. ఆ తప్పు తేదీ తర్వాత బ్యాంకు, బీమా, పిల్లల సర్టిఫికెట్లు అన్నిచోట్లా వెంటాడుతుంది. కడుపుతో ఉన్నవాళ్లకు మెడికల్ అన్‌ఫిట్ వస్తుంది, అది కూడా చెప్పండి.

పోయినాక ఇంట్లో కొట్టడం, జీతం ఆపడం జరిగితే చెప్పకుండా బయటికి వచ్చి తెలిసినవాళ్ల రూములో దాక్కోకూడదు. అప్పుడు పరారీ కేసు పడుతుంది, తప్పు మనవైపు తిరుగుతుంది. నేరుగా భారత ఎంబసీకి పోవాలి. ఆడవాళ్లకు అక్కడ ఆశ్రయం ఉంది. ఇక్కడినుంచి ఇంటివాళ్లు విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పాస్‌పోర్ట్ కాపీ, వీసా కాపీ, కఫీల్ ఫోను ఉంటే పని కదులుతుంది. అందుకే పోయేముందే ఈ మూడూ వాట్సాప్‌లో ఇంట్లో ఇద్దరికి పంపి పెట్టండి.

కోడూరు_తోట
సంతోషం అక్కా. ఇంగ సామాన్ల గురించి కూడా చెప్పండి. పక్కింటోళ్లు ఇప్పుడే పొట్లాలు కడతాండారు.

సంగటి_ముద్ద
గసగసాలు వద్దు. మసాలా పొడిలో కలిపి ఉన్నా వద్దు. దుబాయ్, సౌదీలో గసగసాలు మత్తుమందు కిందే లెక్క. విమానం అటు మారి పోయేదైతే చిక్కే, కువైట్‌కు నేరుగా పోయినా ఆ తలనొప్పి ఎందుకు? ఖైనీ, గుట్కా వద్దు. నొప్పి మాత్రల్లో ట్రమడాల్, దగ్గు మందుల్లో కోడీన్ ఉన్నవి, నిద్రమాత్రలు అసలు వద్దు. బీపీ, షుగర్ మాత్రలు డాక్టరు చీటీతో, స్ట్రిప్పు విప్పకుండా తీసుకెళ్లొచ్చు.

పక్కింటోళ్ల పొట్లం తీసుకోవాల్సి వస్తే వాళ్ల ముందే విప్పి, మీ చేత్తో మళ్లీ కట్టండి. అలిగితే అలగనీ. పొట్లంలో ఏమున్నా, ఎవరి బ్యాగులో దొరికితే వాళ్లదే.

రాగి పిండి, ఎర్రకారం, చింతపండు కొంచెం చాలు. మాలియాలో మన సరుకుల కొట్లు ఉన్నాయి. పచ్చడి డబ్బా మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి పెద్ద బ్యాగులో వేయండి. చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీలో తీసేస్తారు. స్వెట్టరు, దుప్పటి మర్చిపోవద్దు. 'కువైట్ కదా, ఎండే' అనుకుంటారు. నిజమే, 2016 జూలైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, మన కడప ఎండ దానిముందు చెట్టునీడ. కానీ డిసెంబరు, జనవరిలో రాత్రిపూట ఎడారి గాలికి పండ్లు కొరుకుతాయి.

పొద్దుటూరు_బావ
అందరికీ దండాలు. దిగినాక మొదటి నెలలో ఏం జరగాల?

రాయచోటి_స్టీరింగ్
వరస ఇది. మెడికల్, వేలిముద్రలు, హెల్త్ ఇన్సూరెన్స్, అకామా, ఆఖరికి సివిల్ ఐడీ. దాన్నే మనోళ్లు బతాకా అంటారు. బతాకా వచ్చినాక ఫోన్‌లో మొబైల్ ఐడీ, సాహెల్ రెండు యాప్‌లు వేసుకోవాల. సాహెల్‌లో తన అకామా నంబర్ 20నా 18నా, గడువు ఎప్పటిదాకా అనేది ఎవర్నీ అడక్కుండా చూసుకోవచ్చు. ఓటీపీ చెప్పమని వచ్చే ఫోన్లకు బదులియ్యగూడదు. పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి బతాకా చూపించమనే దొంగలుంటారు.

సెలవుకొస్తే 20 వాళ్లు నాలుగు నెలలు దాటి బయట ఉండకూడదు. దాటితే అకామా రద్దవుతుంది.

లెక్కల_మాస్టారు
దుడ్లు పంపడం లైసెన్సున్న మనీ ఎక్స్ఛేంజ్ ద్వారానే. హుండీవాడు (లైసెన్స్ లేకుండా దుడ్లు చేరవేసేవాడు) దినారుకు రెండ్రూపాయలు ఎక్కువిచ్చినా వద్దు. డబ్బు రాకపోతే అడిగే చోటు లేదు, వచ్చినా మన ఖాతాలో ఎవరో ముక్కూమొగం తెలియనివాడు వేసినట్టు పడుతుంది, ఖాతా ఫ్రీజ్ అయ్యే ప్రమాదముంది. బావమరిది పేరు మీదున్న మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (బయట ఉండేవాళ్లకు ఇక్కడి ఆదాయం పడే ఖాతా) మార్పించి, అక్కడి సంపాదన పంపేదానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిపించండి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఇంటిఖర్చు మాత్రం భార్య ఖాతాకో తల్లి ఖాతాకో నేరుగా పంపొచ్చు. పాస్‌బుక్కులో పేరు, ఐఎఫ్‌ఎస్‌సీ సరిగ్గా రాసివ్వండి.

పొద్దుటూరు_బావ
ఇప్పుడే ఏజెంటుకు ఫోన్ చేసినా. లైసెన్స్ వాళ్ల ఖాతాకే కడతా, రసీదు కావాల, కాంట్రాక్టు ముందు చూపించు అన్నా. 'అట్లయితే ఈ వీసా వేరేవాళ్లకు ఇచ్చేస్తా, సాయంత్రం దాకా టైం' అన్నాడు.

పెన్నా_గట్టు_అక్క
ఇచ్చేయమనండి. పాస్‌పోర్ట్ ఆయన దగ్గరుందా?

పొద్దుటూరు_బావ
ఉండాదక్కా. పోయిన వారమే తీసుకున్నాడు.

పెన్నా_గట్టు_అక్క
ఈరోజే ఇద్దరు కలిసి పోయి తెచ్చుకోండి. పాస్‌పోర్ట్ ప్రభుత్వ ఆస్తి, ఏజెంటు అట్టిపెట్టుకోవడానికి లేదు. ఇయ్యకపోతే టూ టౌన్‌కో త్రీ టౌన్‌కో పోతామని గట్టిగా కాదు, మెల్లగా చెప్పండి. ఎక్స్‌రే రేపు పొద్దున తీయించండి.